నీలి వెలుగు మీద మోపిన నేరం

బతుకుతెరువుకు మావాళ్ళు వలస వచ్చిన ఈ మరాఠీ ఊళ్ళో, కుంఠా నాకా దగ్గర ఒక కార్ఖానాలో చద్దర్లకు డిజైన్లు వేయడం నా పని. పొద్దంతా కంప్యూటర్ ముందే. నెమళ్ళు, పూలు, అంచుల మీద గళ్ళు, అన్నీ తెర మీద చిన్న చిన్న చుక్కలుగా నింపుతూ కూర్చుంటాను. సాయంత్రానికి కళ్ళలో కారం చల్లినట్టు ఉంటుంది. తెర నుంచి వచ్చే నీలి వెలుగు కళ్ళను తినేస్తుందని ఎక్కడో చదివి, అదీ ఫోన్‌లోనే చదివి, పసుపు అద్దాల చష్మా కొనుక్కున్నాను. ఆనాటి నుంచి మా ఇంట్లో నేనే కంటి డాక్టర్ని.

నా మొదటి పేషెంటు మా అమ్మ. అశోక్ చౌక్ వెనక గల్లీలో మా ఇల్లు. అమ్మ గడప పక్కన, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంది. ఎదురుగా, తునికాకు తడిపిన గిన్నెకు ఆనించి ఫోను. అందులో సిరిసిల్లలో ఉన్న మా చిన్నమ్మ. ఆమె ఒళ్ళోనూ చాటే. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే చాప మీద కూర్చుని ఈ పని నేర్చుకున్నారట. ఇప్పుడు వీడియో కాల్ పెట్టుకుని గంటల కొద్దీ చుడతారు. మాట్లాడుకునేది తక్కువే. ఒకరు దగ్గితే ఇంకొకరు తలెత్తి చూస్తారు, అంతే. ఆ మాత్రానికి ఫోను ఎందుకని నాకు ఒళ్ళు మండేది.

వానలు మొదలైన కొత్తలో అమ్మ ఒకసారి అన్నది, "ఎడమ దిక్కు పొగ లెక్క కనవడ్తుంది బిడ్డా."

"పొద్దంత ఆ మొబైల్ ముంగట కూసుంటే పొగ గాక ఏమొస్తది? జర పక్కకు పెట్టు," అన్నాను.

ఫోను వెలుగు తగ్గించాను. తెరను పసుపు రంగుకు మార్చాను. నా చష్మా లాంటిదే ఇంకొకటి తెచ్చి ఆమె ముక్కు మీద పెట్టాను. ఎట్లుందని అడిగితే "మస్తుగుంది" అన్నది. నేను గెలిచాననుకున్నాను. ఆ తర్వాత ఆమె కళ్ళ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎడమ పక్కనున్న చెంబుకు కాలు తగిలి రెండుసార్లు నీళ్ళు ఒలికాయి. ఒకసారి దర్వాజాకు భుజం కొట్టుకుంది. రెండోసారి చెంబు పడినప్పుడు కోపమొచ్చి, వారం రోజులు ఆ ఫోను నా సంచిలో వేసుకుని పనికి పోయాను. ఆ వారమంతా అమ్మ ఒంటరిగా చుట్టింది.

దీపావళి అయినాక నా కళ్ళ మంట ఎక్కువై ఆస్పత్రికి పోయాను. డాక్టరు నోటితో తిట్టిద్దామని అమ్మనూ తీసుకుపోయాను. నిజం చెప్తున్నాను, అందుకే తీసుకుపోయాను.

డాక్టరు ముందు నన్ను చూశాడు. రెప్ప వేయకుండా తెరకేసి చూడటంతో కళ్ళు ఎండిపోయాయనీ, నీలి వెలుగు చూపు పోగొడుతుందనడానికి రుజువు లేదనీ, మధ్యమధ్య లేచి దూరంగా చూడమనీ మరాఠీలో చెప్పాడు. నా పసుపు చష్మా చూసి నవ్వాడు కూడా. తర్వాత అమ్మ కుడి కన్ను మూసి, వేళ్ళు చూపించాడు. ఎన్నో అమ్మ చెప్పలేకపోయింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

కాచ్‌బిందు అన్నాడు. మనం నీటికాసులు అంటాం. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. ఫోనుకూ దీనికీ సంబంధం లేదు. ఎడమ కంట్లో పోయిన చూపు తిరిగి రాదు, కుడి కన్నును చుక్కల మందుతో కాపాడుకోవచ్చు. పొగలా కనిపించినప్పుడే తెస్తే ఎడమ దాంట్లోనూ కొంత మిగిలేదన్నాడు. నా మీద నాకే అసహ్యం వేసింది. ముప్ఫై ఏళ్ళుగా ఆకు మీదికీ దారం మీదికీ వంగిన కళ్ళు అవి. వాటిని ఒక్కసారి ఎవరికైనా చూపిద్దామని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఫోను వచ్చాక దాని మీద నేరం మోపడానికి మాత్రం అందరికంటే ముందు నేను తయారు.

అమ్మ డాక్టరును అడిగింది ఒకటే, ఫోను చూడొచ్చా అని. చూడొచ్చన్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాక నాకు ఏడుపు ఆగలేదు. "పొగ ఎక్కువైతుందని మల్ల ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను.

అమ్మ నా చేతిలోని మందుల చీటీ తీసుకుని మెల్లగా మడత పెట్టింది.

"చెప్తే మొబైల్ మల్ల గుంజుకపోతవ్ గద," అన్నది. "కండ్లు రెండున్నయి బిడ్డా. చెల్లె ఒక్కతే."