తీసేసిన బ్రాకెట్లు

ఆదివారం మధ్యాహ్నానికి నూట పన్నెండు లెక్కలు సరిగ్గా వచ్చాయి. నూట పదమూడోది రాలేదు.

డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పే మాస్టారి పుస్తకాన్ని మూడేళ్ళ కిందట అనకాపల్లి మెయిన్ రోడ్డులోని మా డీటీపీ షాపులో నేనే టైపు చేశాను. ఇప్పుడు ఆ పేజీలనే కంప్యూటరు లెక్కకట్టే వర్క్‌షీట్లుగా మారుస్తున్నాను. కాగితం మీద సమీకరణం కదలదు. వర్క్‌షీటులో అంకె మారిస్తే జవాబు మారుతుంది, గ్రాఫు వంగుతుంది. మర్నాడు పొద్దున్న పది గంటలకు కాలేజీ యాజమాన్యం ముందు మాస్టారు వాటిని తెర మీద చూపించాలి. ఆ సాఫ్ట్‌వేరు కొనిపించడానికి ఆయన ప్రిన్సిపాలుతో ఏడాది పాటు పోట్లాడారు. ఒక్క తప్పు జవాబు కనబడితే చాలు, "దండగమారి ఖర్చు" అనడానికి అక్కడ నలుగురు కాచుక్కూర్చున్నారు.

నూట పదమూడో లెక్కకి పుస్తకం వెనక జవాబు పద్దెనిమిది. కంప్యూటరు పది అంటోంది. మళ్ళీ కొట్టాను. పదే. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. మౌసుని బల్లకేసి కొట్టాను. బయట బెల్లం లారీ హారను ఆపకపోతే ఆ డ్రైవరుకీ శాపనార్థాలు పెట్టాను. అంతలో కరెంటు కూడా పోయింది.

మాస్టారికి ఫోను చేసి, "పుస్తకంలో జవాబు తప్పేమో చూడండి మాస్టారూ" అన్నాను.

"అదేటమ్మా! మూడేళ్ళబట్టీ చెప్తన్నాను ఆ లెక్క. పద్దెనిమిదే. నువ్వే ఏదో తప్పు కొట్టుంటావు. ఉండు, నేను వత్తన్నాను."

ఒళ్ళు మండిపోయింది. ఆయనొచ్చేలోగా తప్పు ఆయనదేనని రుజువు చేద్దామని, బీరువాలోంచి ఆయన చేతిరాత కాగితాల కట్ట దింపాను. ఆ లెక్క దొరికింది. ఎనిమిదిలోంచి x మైనస్ రెండుని తీసేసి, వచ్చినదానికి సున్నా నుంచి రెండు దాకా ఇంటిగ్రల్ కట్టాలి. ఆ x మైనస్ రెండు చుట్టూ ఆయన బ్రాకెట్లు పెట్టారు. నేను టైపు చేసిన పుస్తకంలో అవి లేవు.

ఎందుకు లేవో వెంటనే గుర్తొచ్చింది. పేజీకి రెండు కాలమ్‌లు. ఆ వరస కొంచెం ఎక్కువై, చివరి అంకె ఒక్కటీ కింది వరసలోకి పడింది. చూడ్డానికి అసహ్యంగా ఉంది. నేను ఇంటర్లో లెక్కలు తప్పి టైపు నేర్చుకున్నదాన్ని. నాకు వరస సరిపోవడమే లెక్క. అంకెలు ముట్టుకోకూడదు గానీ బ్రాకెట్లకేముంది, అలంకారమే కదా అని రెండూ తీసేశాను. వరస ముచ్చటగా అమరింది. ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

కరెంటు రాగానే బ్రాకెట్లు పెట్టి కొట్టాను. పద్దెనిమిది వచ్చింది.

అసలు భయం అప్పుడు పట్టుకుంది. వర్క్‌షీటు సరిపోయింది, రేపటికి గండం లేదు. మీరన్నట్టే నేనే తప్పు కొట్టాను మాస్టారూ అంటే అబద్ధం కూడా కాదు. కానీ మూడేళ్ళబట్టీ పిల్లల చేతుల్లో ఉన్న పుస్తకం సంగతేమిటి? ఈ మాట బయటపడితే ఆయన మళ్ళీ నా చేతికి ఒక్క కాగితం ఇస్తారా? తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

మాస్టారు సైకిలు స్టాండు వేసి లోపలికొచ్చి, తెర మీద పద్దెనిమిది చూసి, "నే చెప్పలేదేటి?" అని నవ్వారు.

ఆ నవ్వు చూశాక దాచలేకపోయాను. చేతిరాతనీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి, "వరస పట్టలేదని బ్రాకెట్లు నేనే తీసేశాను" అన్నాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

ఆయన పుస్తకంలో ఆ వరస మీద వేలు పెట్టారు.

"బోర్డు మీద ఎప్పుడూ నా నోట్సు చూసే వేసేనమ్మా. అందరూ అదే ఎక్కించుకున్నారు. పుస్తకం వచ్చిన ఏడాది, మునగపాక నుంచి వచ్చే పిల్లొకర్తి మటుకు ఇంటికాడ పుస్తకం చూసి చేసింది. 'నాకు పదే వత్తంది మాస్టారండీ' అని లేచి నిలబడింది. నేను పుస్తకం తెరవనేలేదు. కూడికలు రానిదానివి డిగ్రీకెందుకొచ్చేవు అన్నాను, అందరి ముందూ."

"తర్వాత?"

"తరవాత రెండేళ్ళు నా క్లాసులోనే కూచుంది. ఒక్క డౌటూ అడగలేదు. పాఠం బాగా అర్థమవుతంది కాబోలు అనుకున్నానమ్మా."