నెయ్యి లేని కాయం

మేం అవ్వ అని పిలిచే మా అమ్మకు అండాశయంలో క్యాన్సర్ గడ్డ ఉందని తెలిసిన ఏడాదే అక్కకు తొలి కాన్పు అయింది. వానకాలంలో హైదరాబాద్‌లో అవ్వకు ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. చలికాలానికి అక్క పురిటికి మా ఇంటికి వచ్చింది. తొంభైల మొదట్లో సంగతి ఇది. నేను డిప్లొమా ముగించి భైంసాలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో మిషన్ల పని చూస్తుండేవాణ్ని. అక్కడి నుంచి మా ఊరు దగ్గరే.

ఆపరేషన్ అయ్యాక నెలకోసారి అవ్వకు సెలైన్‌లో మందు ఎక్కించాలన్నారు. ఆమెను హైదరాబాద్‌కు తీసుకుపోయే పని నాది. మందు పెట్టే ముందు రక్తం చూస్తారు, బరువు చూస్తారు, ఆ తర్వాత డాక్టరమ్మ కడుపు నొక్కి చూస్తుంది. నేను ఈ వరుస కంఠతా పట్టాను. అక్క పురిటికి రావడానికి కొద్దిరోజుల ముందు వెళ్లినప్పుడు రక్తం బాగానే ఉంది గానీ బరువు బాగా పడిపోయింది.

"ఇంకా తగ్గితే వచ్చేసారి మందు వాయిదా వెయ్యాల్సి వస్తుంది" అంది డాక్టరమ్మ. "ఆమె ఎందుకు తినట్లేదు?"

తినకపోవడానికి మందు తెచ్చే వికారం ఒక కారణం. రెండోది మా మేనత్త.

మేనత్త బాపుకు అక్క. ఆపరేషన్ అయి అవ్వ ఇంటికి రాగానే చూడటానికి వచ్చింది. అవ్వ మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, అన్నీ అడిగి, చివరికి తనే తేల్చేసింది. "నెయ్యి గురిగి ఎప్పుడు నీ చేతిలనే ఉండె గదనే. పూటపూటకు దాని అడుగు గోకి తింటివి. గా కొవ్వంత పోయి గడ్డ కట్టింది. నూనె, నెయ్యితోనే గీ రోగాలని పట్నంల డాక్టర్లే చెప్తున్నరట."

కోపంతో అన్న మాట కాదది. దేనికైనా కారణం దొరికితే గానీ నిద్రపట్టని మనిషి ఆమె. ఆ విషయంలో నేనూ అంతే. అవ్వ మరునాటి నుంచి నెయ్యి మానేసింది. తర్వాత నూనె తాలింపు మానేసింది, ఆ తర్వాత పెరుగు మీద మీగడ. ఉడకబెట్టిన పప్పు, ఎండు రొట్టె, చప్పిడి అన్నం మిగిలాయి. వాటిని చూస్తేనే ఆమెకు వాంతి వచ్చేది.

ఇదంతా డాక్టరమ్మకు చెప్పి అడిగాను, నిజమేనా అని. ఆమె ఓపిగ్గా చెప్పింది. "కొవ్వు తినడానికీ ఈ జబ్బుకూ సంబంధం ఉందేమోనని వెతుకుతున్నారు. ఖాయంగా తేలలేదు. రేపు తేలినా, మీ అమ్మగారికి ఇందుకే వచ్చిందని చెప్పలేం. ఇప్పుడు మాత్రం ఆమెకు బలం కావాలి. నూనె, నెయ్యి మాన్పించకండి."

బస్సులో అవ్వకు అదే చెప్పాను, ఒక్క మాట వదలకుండా.

"తేలలేదన్నదా?" అంది అవ్వ.

"అవునే."

"ఎటూ తేలనప్పుడు తినకుంటనే మంచిది గద బిడ్డా."

మిల్లులో ఏ మిషన్ మీదైనా అనుమానం వస్తే నేను చేసేదీ అదే. ముందు ఆపేస్తాను.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. అవ్వకు ఒంట్లో బాగా లేదని మేనత్తే వచ్చి పురిటి పనులు నెత్తిన వేసుకుంది. కానీ మా వైపు బాలింతకు కాయం మాత్రం తల్లి చేతులతోనే చేసి పెట్టాలి. శొంఠి, మిరియాలు, బెల్లం దంచి, నెయ్యి పోసి కలిపి ముద్దలు కడతారు. అవ్వ మంచం దిగి వచ్చి, రోలు ముందు కూర్చుని, అన్నీ దంచింది. ముద్ద కట్టడానికి నెయ్యికి బదులు వేడినీళ్లు చిలకరించింది.

అక్క కొరికింది. ముద్ద చేతిలోనే పొడిపొడి అయింది.

"ఏందే అవ్వా, మట్టిపెళ్ల లెక్కున్నది. నెయ్యేది?"

"వద్దు. నాకొచ్చింది నీకు రావొద్దు."

"గట్లయితే ముందుగాల బాపుకు రావాలె. గురిగి వంచుకొని పోసుకుంటడు."

"మొగోళ్లకు గీ రోగం రాదు" అంది అవ్వ.

పక్కనే అన్నం తింటున్న బాపు గురిగిని మెల్లగా అవతలికి జరిపాడు. మేనత్త నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను ఆ గురిగినే చూస్తూ కూర్చున్నాను. మా ఇంట్లో అది ఎవరి తర్వాత ఎవరికి పోతుందో వరుసగా మనసులో లెక్కపెట్టుకున్నాను. మొదట బాపు, ఎవరైనా వస్తే వాళ్లు, తర్వాత నేను, అక్క. చివర అవ్వ. ఆమె వంతు వచ్చేసరికి అందులో నెయ్యి ఉండదు. అందుకే గురిగిలోనే ఇంత అన్నం వేసి తుడుచుకుని తింటుంది. గోకి తింటివి అని మేనత్త అన్నది దాన్నే. అదే మాట పైకి అన్నాను.

"గీ ఇంట్ల అందరికన్న తక్కువ నెయ్యి తిన్నది అవ్వే. అట్లని కొవ్వుతో రోగం రాదని రుజువైనట్టు గాదు. నేను చెప్పేది..."

"నీ రుజువు నీ తాన్నే పెట్టుకో తమ్మీ" అంది అక్క. పళ్లెం పక్కకు నెట్టి అవ్వ వైపు తిరిగింది. "నువ్వేది తింటె నేను గదే తింట. నువ్వు చప్పిడి తింటె నాకూ చప్పిడే పెట్టు. పాలు పడకుంటె నీ మనుమరాలితోని నువ్వే మాట్లాడుకో."

అవ్వ మేనత్త వైపు చూసింది.

"మా అవ్వ గూడ గట్లనే గురిగిల అన్నమేసుకొని తినేది" అంది మేనత్త. "ఆమెకేం రోగం రాలే. నేనే ఏదో ఇని, ఏదో అంటి. ఇగ తిను పిల్లా. నీకు దండం పెడ్త."

అవ్వ పళ్లెంలోని పొడి అంతా మళ్లీ గిన్నెలోకి ఎత్తింది. మేనత్త గురిగి తెచ్చి పక్కన పెడితే, అవ్వే వంచి పోసింది, మొదట కొంచెం, చూసి మరికొంచెం. ముద్ద కట్టి అక్క చేతిలో పెట్టింది. అక్క దాన్ని విరిచి సగం ఆమె చేతిలోనే పెట్టి కూర్చుంది, తినకుండా. అవ్వ నోట్లో వేసుకున్నాకే తను కొరికింది.

వికారం ఒక్కరోజులో పోలేదు. ఒకపూట తినేది, ఒకపూట కక్కేది. అయినా పప్పులోకి తాలింపు వచ్చింది, పెరుగు మీద మీగడ మిగలడం మానేసింది.

ఆ నెల ఆసుపత్రిలో అవ్వ బరువు చూసే మిషన్ ఎక్కినప్పుడు నేను వంగి ముల్లునే చూశాను. పెద్దగా పెరగలేదు. తగ్గలేదు కూడా. డాక్టరమ్మ పాత చీటీతో సరిచూసుకుని, "పెట్టేద్దాం" అని మందు రాసింది.

సెలైన్ ఎక్కుతుంటే అవ్వ సంచి వైపు చూపించింది. అందులో మేనత్త కట్టి ఇచ్చిన స్టీలు డబ్బా ఉంది. మూత తీస్తే, ఈసారి మేనత్తే అవ్వ కోసం చేసిన కాయం ముద్దలు. వాటిని చుట్టిన కాగితం నెయ్యికి తడిసి అవతలి వైపు కనిపిస్తోంది. అవ్వ ఒకటి తీసుకుని, కొరికి, వేళ్లు కాగితానికి తుడుచుకుంది.

"మీ అత్త నెయ్యి జర ఎక్కువనే పోసింది" అంది, ఇంకో ముక్క కొరుకుతూ.