ఒంటరి ఆడమనిషికి గది

డెబ్బైల మొదట్లో పశ్చిమ జర్మనీలో కొన్నేళ్లు నర్సుగా పనిచేశాను. మిషన్ ఆసుపత్రిలో చదువు చెప్పిన సిస్టర్లే నన్ను అక్కడికి పంపారు. సెలవు దొరికితే చాలు, ఒక్కదాన్నే రైలెక్కేదాన్ని. స్టేషన్లలో బయల్దేరే బండ్ల వేళలు పసుపు కాగితం మీద, వచ్చే బండ్లవి తెల్ల కాగితం మీద అచ్చేసి పెట్టేవారు. భాష సరిగ్గా రాని రోజుల్లో కూడా ఆ అంకెలు చూసుకొని తిరిగాను. రైలు పోని ఊళ్లకు పోస్టు శాఖ వాళ్ల బస్సులు పోయేవి.

పడుకోవడానికి కుర్రకారు కోసం పెట్టిన యూత్ హాస్టళ్లుండేవి. సభ్యత్వం కార్డు చూపిస్తే ఆడపిల్లల గదిలో మంచం ఇచ్చేవారు. పొద్దున్నే మన వంతు ఊడ్చి వెళ్లాలి. పల్లెల్లో ఇళ్ల ముందు 'గది ఖాళీ' అని బోర్డు వేలాడేది. కాస్త పెద్ద ఊరైతే స్టేషన్ పక్కనే యాత్రికుల కోసం ఒక ఆఫీసు ఉండేది, వాళ్లే ఫోన్ చేసి గది చూసిపెట్టేవారు.

అక్కడ అందరూ దేవుళ్లని చెప్పను. ఒక సరస్సు పక్క ఊళ్లో ఆఫీసులో అమ్మాయి ఫోన్ చేసి గది ఖాయం చేసి చిరునామా ఇచ్చింది. తలుపు తీసిన ఇల్లాలు నా మొహం, చీర చూసి "గది ఇప్పుడే ఇచ్చేశాం" అంది. వెనక్కి వచ్చి చెప్పాను. ఆ అమ్మాయి నా ముందే మళ్లీ ఫోన్ చేసింది. గది ఖాళీగానే ఉందట! ఆమె మొహం ఎర్రబడింది. "ఇకమీద మీ ఇంటికి ఎవరినీ పంపను" అని గట్టిగా చెప్పి ఫోన్ పెట్టేసి, ఒక ముసలి దంపతుల ఇంట్లో నన్ను దింపి వెళ్లింది. అవమానం అవమానమే. కానీ చెప్పుకోవడానికి ఒక మనిషి ఉంది, నా తరఫున కోప్పడింది.

ఉద్యోగం ముగించుకొని ఇంటికి వస్తుంటే నిజామాబాద్‌కు రైలు ఆలస్యంగా చేరింది. చెరకు నరికే కాలం. దారంతా చెరకు బండ్లు నిలిచిపోయాయని మా ఊరు బోధన్ పోయే బస్సు ఆపేశారు. పెట్టె మోసుకొని స్టేషన్ దగ్గరి లాడ్జికి వెళ్లాను.

"మీ ఎంబడి ఎవలున్నరమ్మా?" అన్నాడు మేనేజరు.

"ఎవ్వరు లేరు. నేనొక్కదాన్నే."

"ఒక్క ఆడామెకు రూం ఇయ్యం."

"ఎందుకియ్యరు?"

"పోలీసోళ్లతోని పరేషాన్ ఐతది. మీ ఆయన ఏడున్నడు?"

"పెండ్లి కాలే."

బెంచీ మీద కూర్చున్న మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వారు. నా ఒళ్లు మండింది. పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టాను. "జర్మనీల ఒక్కదాన్నే తిరిగొచ్చిన, సూడు. యాడగూడ మొగుడేడి అని అడగలే!" అన్నాను. అతను పాస్‌పోర్టును వేలి కొసతో నా వైపు జరిపాడు. రెండో లాడ్జిలోనూ అదే మాట. ఆ రాత్రి స్టేషన్‌లో ఆడవాళ్ల వెయిటింగ్ రూంలో పెట్టె మీద తలపెట్టి పడుకున్నాను.

తెల్లారి ఇంటికి చేరి అంతా చెప్పాను. మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లు తూచే కాంటా దగ్గర పనిచేసేవాడు. విని తల వంచుకున్నాడు. "లాడ్జికెందుకు వోయినవ్ బిడ్డా? ఎవలన్న సూస్తే ఏమనుకుంటరు?" అన్నాడు.

లాడ్జివాడి మాటకన్నా ఈ మాట ఎక్కువ తగిలింది. నేను నోరు తెరిచేలోపే నన్ను కన్న అవ్వ లేచింది. "గదేం మాట? పరాయి దేశంల ఒక్కతే బతికొచ్చింది. ఇంటి దగ్గరికొచ్చినంక పిల్ల రోడ్డు మీద పండాల్నా?"

మరుసటి వారం నేను ఉద్యోగానికి దరఖాస్తు ఇవ్వడానికి నిజామాబాద్ వెళ్తుంటే బాపు కూడా వచ్చాడు. నేరుగా ఆ లాడ్జికే నడిచాడు.

"రూం గావాలె."

"ఇస్త పెద్దమనిషి, మీరిద్దరా?"

"నేనుండ. నా బిడ్డ ఉంటది."

"గట్లైతే ఇయ్య."

బాపు అప్పుడు అరిచిన అరుపులు బజారంతా విన్నది. ఆసుపత్రిలో తన బిడ్డ చేతుల్లో ఎందరు మగవాళ్లు బతికారో, ఆ మేనేజరుకు జ్వరమొస్తే సూది ఎవరు వేస్తారో అన్నీ అడిగాడు. గది మాత్రం దొరకలేదు. చివరి బస్సుకు ఇంటికొచ్చాం.

ఆ తర్వాత నిజామాబాద్‌లోనే ఆసుపత్రిలో ఉద్యోగమొచ్చింది, చిన్న క్వార్టరు ఇచ్చారు. పరీక్షలకు, ఇంటర్వ్యూలకు మోర్తాడ్, భీమ్‌గల్ లాంటి ఊళ్ల నుంచి ఒంటరిగా వచ్చే ఆడపిల్లలు ఒకరి ద్వారా ఒకరు తెలుసుకొని నా దగ్గర దిగేవారు. చాపలు పరిచి పడుకునేవాళ్లం. పై అధికారి ఒకసారి పిలిచి, "క్వార్టరును సత్రం చేశారేమిటి?" అన్నాడు.

"ఊళ్లో ఉన్న లాడ్జీలు వీళ్లకు గది ఇచ్చిన రోజు మానేస్తాను సార్" అన్నాను.

లాడ్జీలు ఇవ్వలేదు. నేనూ మానలేదు.