ఆ ఫారం మీద వేలిముద్ర

“నీ అంగట్లోనే గదా మాబున్నీ, జిరాక్సు తీసింది? నా కార్డు కాగితం ఇంకెవరి చేతికి పోయింటాది?”

“నీ కాగితం నాకెందుకు వదినా? ఆ కార్డులో నీ మొగం నువ్వే గుర్తుపట్టవు. దాన్ని కొనేదెవరు?”

“నవ్వులాటగా ఉందా నీకు? మీ అన్న కువైట్‌లో ఎండకు మాడతాంటే, ఈడ నేను స్టేషన్ మెట్లు ఎక్కతాండా. ఎవరో నా పేరుతో సిమ్ము తీసి జనాన్ని మోసం చేసినారంట. ఫారం మీద ఏలిముద్ర నాది కాదంటే ఇనరే.”

జమ్మలమడుగులో, మా అరుగు ముందర, వదినా ఆడబిడ్డలు అలా అరుచుకుంటుంటే నేను చింతపండు గింజ తీస్తూ కూర్చున్నాను. ఖైరున్‌ది మా పక్కిల్లు. మాబున్ని ఆమె మొగుడి చెల్లెలు. వీధి చివర జిరాక్సు అంగడి పెట్టుకుని బతికేది. ఆనాటి నుంచి ఇన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. కొడుక్కు చెప్పలేదు. దేవుడి ముందర కూడా నోరు తెరవలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఆ వేలిముద్ర నాది.

నేను రెండో తరగతి దాకా చదివాను. ఆ నాలుగక్షరాలు పోకూడదని, ఒకవైపు తెల్లగా ఉన్న కాగితం ఎక్కడ దొరికినా దాచి ఏదో ఒకటి రాస్తుంటాను. ఖైరున్ గ్యాసు కోసం ఆధార్ కార్డు నకళ్లు తీయించి, ఒకటి మిగిలితే రాసుకోమని నాకిచ్చింది; ఆ సంగతి తర్వాత ఆమెకు గుర్తే లేదు. కొన్నాళ్లకు వీధిలోకి సిమ్ములు అమ్మే మనిషి వచ్చాడు. సిమ్ము తీసుకుంటే స్టీలు డబ్బా ఊరికే ఇస్తానన్నాడు. నా కార్డుకు ఒక డబ్బా వచ్చింది. ఇంకొకరి కార్డు నకలు ఉంటే ఇంకో డబ్బా అన్నాడు. ఆ సిమ్ము తానే ఉంచుకుంటాడట. ఖైరున్ ఇచ్చిన నకలు తీసి ఇచ్చాను. పాత చీరలు వేసి స్టీలు గిన్నెలు తీసుకోవడం మాకు అలవాటే. వేసిన చీర ఎవరు కట్టుకుంటారో ఎవరమూ అడగం. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

నిజంగా అనుకున్నానా? అయితే ఖైరున్ పేరున్న ఫారం మీద వేలు పెట్టమన్నప్పుడు వీధిలోకి అటూ ఇటూ ఎందుకు చూశాను? సంతకం చేయడం వచ్చినదాన్ని, ఒక్క మాట అనకుండా బొటనవేలు ఎందుకు చాచాను? ఆ సిరాను బూడిదతో రుద్ది రుద్ది కడుక్కున్నాను. తప్పని తెలియని మనిషి అంత రుద్దదు.

అంతకంటే పెద్ద తప్పు ఆ అరుగు మీదే జరిగింది. ఖైరున్ నావైపు తిరిగి, “నువ్వు న్యాయం తప్పవు అవ్వా. నువ్వే చెప్పు,” అంది. నేను కఠినురాలినని, మాట తూచి మాట్లాడతానని వీధికంతా గురి.

“కాగితం ఎవరి మిషన్లో నుంచి వచ్చిందో, వాళ్లనే అడగల్ల,” అన్నాను.

మాబున్ని నన్ను చూసింది. వెనుదిరిగి అంగడికి వెళ్లిపోయింది. సాయంత్రం ఆమె అన్న కువైట్ నుంచి ఫోన్ చేసి, ఇక తన గడప తొక్కొద్దన్నాడట. జనం కార్డులు అమ్ముకుంటుందన్న మాట పుట్టాక, ఆమె అంగట్లో ఎవరు కార్డు పెడతారు?

ఒప్పుకుని ఉంటే ఏమయ్యేది? ఖైరున్ ఎక్కిన మెట్లు నేను ఎక్కేదాన్ని, అంతే గదా. దానికే భయపడ్డాను. ఆ రెండో డబ్బా ఇప్పటికీ ఉంది. పారేయడానికి చెయ్యి రాదు, అందులో గింజ పోయడానికీ రాదు. ఆ ఇద్దరికీ ఇంకా చెప్పలేదు. ఇది రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది. అది క్షమించడం కాదని తెలుసు.

ఆ గొడవ మరుసటి రోజు పొద్దున మాబున్ని మిషను ఆటోకు ఎక్కించి ప్రొద్దుటూరుకు బయలుదేరింది. వాకిలి ఊడుస్తున్న నా దగ్గర ఆగి, చెడిపోయిన జిరాక్సుల కట్ట నా చేతిలో పెట్టింది.

“ఎనకపక్క తెల్లగనే ఉండాయి. రాసుకో అవ్వా.”

తీసుకున్నాను. ఆటో మలుపు తిరిగాక అరుగు మీద కూర్చుని, ఎవరి ముఖమైనా ఉందేమోనని ఒక్కో కాగితాన్నీ తిప్పి చూశాను. కార్డు నకలు ఒక్కటి కూడా లేకుండా ఏరి ఇచ్చింది.