ఎక్స్‌రే గది మీది ఎర్ర లైటు

2016 ఎండాకాలంలో జంషెడ్‌పూర్‌లోని ఒక ఆసుపత్రిలో నన్ను ఎక్స్‌రే విభాగానికి సీనియర్ టెక్నీషియన్‌ని చేశారు. జీతం పెద్దగా పెరగలేదు కానీ, గది తాళాలు మాత్రం నా కొంగుకు చేరాయి.

ఒక ఉదయం క్యాజువాల్టీ డాక్టరమ్మ ఊళ్లోని బారిడీహ్ బస్తీ నుంచి వచ్చిన గౌరి అనే తెలుగమ్మాయిని పంపారు. ఎడమ ముంజేతికి రెండు వైపుల నుంచీ ఫొటోలు కావాలని రాశారు. రాయని సంగతి ఫోన్‌లో చెప్పారు. బాత్‌రూమ్‌లో పడిందంటున్నారు, దెబ్బ అలా లేదు. ఏమడిగినా భర్తే హిందీలో జవాబిస్తున్నాడు. క్యాజువాల్టీలో మంచానికీ మంచానికీ మధ్య గోడ ఉండదు, కర్టెనే. అక్కడ ఆ పిల్ల నోరు విప్పలేదు.

మా గదికి సీసం తలుపు ఉంది. రేడియేషన్ వల్ల రోగి తప్ప మరొకరు లోపలికి రాకూడదు. గౌరి అత్తగారు మాత్రం తానూ వస్తానని పట్టుబట్టింది. లోపలికి వచ్చే ఆడవాళ్లను అడగవలసిన ప్రశ్నే ఆవిడనూ అడిగాను.

"అమ్మా, మీకేటైనా నెల తప్పినాదా?"

మనవలను ఎత్తిన ఆ పెద్దావిడ బయట బెంచీ మీద కూలబడింది, మళ్లీ లేవలేదు. వరసలో ఉన్నవాళ్లు నవ్వాపుకోలేకపోయారు.

ఇక భర్త. ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు ఫిట్టరు, కాళ్లకు సేఫ్టీ బూట్లు. మిషను నడుస్తోంది, లోపలికి రావద్దని చెప్పే ఎర్ర లైటు తలుపు మీద వేశాను. ఇంట్లో ఎవరి మాటా వినని ఆ మగమహారాజు తలుపు ముందున్న పసుపు గీత అవతల బుద్ధిగా నిలబడ్డాడు. కార్ఖానాల ఈ ఊళ్లో సేఫ్టీ రూలంటే అంత భయం.

ఫొటోలు తీసి మిషను ఆపాను, లైటు ఆపలేదు. చిటికెనవేలి వైపు ఎముక మధ్యలో విరిగింది. దెబ్బకు చెయ్యి అడ్డం పెడితే విరిగే చోటు అది. ఆ మాటే చెప్పాను. గౌరి తలుపు వంక చూసింది. లైటు వెలుగుతున్నంతసేపూ ఎవరూ రారన్నాను.

"కర్రతో కొట్నాడమ్మా. ఇంటికెల్తే ఈసారి సంపేత్తాడు. టాటానగర్ టేసన్ కాడ మా అన్నున్నాడు, ఆడికి ఫోన్ సెయ్యండి."

ఆ అన్నకూ, డాక్టరమ్మకూ నేనే ఫోన్ చేశాను. ఇలాంటి దెబ్బను మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి పోలీసులకు తెలపడం డాక్టరు విధి. డాక్టరమ్మ గౌరి మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసుకుని, ఆమెను ఆడవాళ్ల వార్డులో చేర్చారు. మా గదికి వెనక మరో తలుపుంది. గౌరి దానిగుండా వార్డు చేరేవరకూ భర్త గీత దాటలేదు. పోలీసులు వచ్చేసరికి అన్న ఆమె మంచం పక్కనే ఉన్నాడు. ఉద్యోగంలో పెద్దదాన్నయిన రోజున కూడా నాకంత సంతోషం కలగలేదు.

ఎముక అతికిందో లేదో చూపించుకోవడానికి గౌరి కొన్ని వారాల తర్వాత అన్నతో వచ్చింది. అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి తానే తలుపు వేసింది.

"లైటెయ్యండమ్మా. శానా కబుర్లున్నాయి."

దెబ్బ ఎలా తగిలిందో అడిగేటప్పుడు పక్కన ఇంటివాళ్లు ఉంటే, అడిగినా అడగనట్టే. రిటైరయ్యేదాకా ఏ ఆడమనిషి వచ్చినా ఫొటో అయ్యాక కూడా కాసేపు లైటు వెలుగుతూనే ఉంచాను.