చాచా ఉత్తకాళ్ళ నడక

నా చిన్నప్పుడు నేను ఎవరినీ నమ్మేదాన్ని కాదు. అవ్వ బెల్లం ముక్క ఇస్తే తమ్ముడి ముక్క పక్కన పెట్టి కొలిచేదాన్ని. పాలు పోసే ఆమె చెంబులో వేలు ముంచి చూసేదాన్ని. "గీ పిల్ల కన్నతల్లిని గూడ నమ్మది" అని అవ్వ తిట్టేది.

శామీర్‌పేటలో మా పక్కింటి చాచా బొల్లారం మిలిటరీ దండులో లారీలు బాగుచేసేవాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అక్కడ పారేసిన ఇనుము కొనుక్కొచ్చి, రెండేళ్ళు దొడ్లో కూర్చుని సొంతంగా ఒక మోటారు బండి తయారుచేశాడు. దానికి పైకప్పు లేదు, తలుపులు లేవు. కూర్చునే చోట పాత మంచం నవారు అల్లాడు. చూస్తే నవ్వొచ్చేది. కానీ ఎండాకాలం చెరువు నీళ్ళు వెనక్కి పోయాక, బయటపడ్డ నేల మీద జరిగే మోటారు పందేల్లో దాన్ని మించిన బండి లేదు. మేడ్చల్ కల్లు గుత్తెదారు కొడుకు పట్నం నుంచి కొత్త కారు తెచ్చి కూడా రెండు వేసవులు ఓడిపోయాడు.

అన్ని గెలుపులు నాకు మింగుడు పడలేదు. ఏదో మతలబు ఉందనుకున్నాను. ఒక పందెం రోజు పొద్దున్నే పేడ ఏరడానికి ఎండిన చెరువులోకి వెళితే, చాచా చెప్పులు చేతిలో పట్టుకుని పందెం బాట వెంట ఒంటరిగా నడుస్తున్నాడు. పది అడుగులకొకసారి ఆగుతాడు, మడమతో నేలను నొక్కుతాడు, వంగి మట్టి తీసి మళ్ళీ అక్కడే పెడతాడు. ఇంకేం కావాలి నాకు? ఇంటికి పరుగెత్తి, "చాచా బాటల ఏందో పాతిపెడుతుండు, నా కండ్లతోని జూసిన" అని చెప్పాను. నిజానికి పాతిపెట్టడం నేను చూడలేదు. కానీ మాట నోట్లోంచి బయటపడ్డాక చూసినట్టే అనిపించింది.

పొద్దెక్కేసరికి ఆ మాట ఊరంతా తిరిగింది. గుత్తెదారు కొడుకు మనుషులు గడ్డపారలతో వచ్చారు. తాయెత్తులని ఒకరు, మేకులని ఒకరు. ఏదైనా దొరికితే బండిని అక్కడే తగలబెడతామన్నారు. చాచా ముఖం పాలిపోయింది. మా బాపు నా వైపు చూడనైనా లేదు.

చాచా నన్ను పిలిచాడు. కొడతాడనుకున్నాను.

"బేటీ, నన్ను నమ్మకు. నాతోని నడువు," అన్నాడు.

అందరి ముందూ ఇద్దరం ఉత్తకాళ్ళతో బాట చుట్టూ నడిచాం. ఏదైనా తీసి దాచేస్తాడేమోనని నేను అతని చేతులనే చూస్తున్నాను. పెద్ద మలుపులో లోపలి అంచున ఆగి, "గీడ మడిమె పెట్టి ఒత్తు. ఎట్లుంది?" అని అడిగాడు. పైన మట్టి పెంకులా ఎండి ఉంది. నొక్కితే అరికాలికి చల్లగా తగిలింది.

"సల్లగుంది చాచా."

"కింద తడి ఆరలే. చక్రం బడితే గుంజుకుంటది. గీ జాగ ఇడిసి దూరంకెల్లి తిప్పుత. గంతే నా మంత్రం. ఇగ పోయి గా గుత్తెదారు పిలగానికి గూడ చెప్పు."

గెలిచే కిటుకును ఎవరైనా పోటీవాడికి ఇచ్చేస్తారా? ముందు బాపు దగ్గరికి వెళ్ళి, "పాతిపెట్టంగ నేను జూడలే" అని ఒప్పుకున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. గడ్డపారలు దించారు కానీ ఎవరి అనుమానమూ తీరలేదు. ఆ తర్వాత గుత్తెదారు కొడుకుకు మలుపు సంగతి చెప్పాను.

అతను నవ్వాడు. "దగ్గరి దోవ ఇడిసిపెట్టుమని నిన్ను తోలిండా? నాకు తెల్వదా వాని ఉపాయం!"

పందెంలో చాచా ఆ మలుపు దూరం నుంచి తిప్పాడు. గుత్తెదారు కొడుకు కావాలనే లోపలి అంచు మీదుగా తిప్పాడు. ముందు చక్రం ఇరుసు దాకా దిగబడి కారు పక్కకు ఒరిగింది. అతని చేయి విరిగింది. చాచా తన బండి ఆపి, దిగి, అతన్ని బయటికి లాగాడు. ఆ రోజు గెలిచింది ఎవరో మూడో మనిషి.

మలుపులో నీళ్ళు పోసింది చాచాయేనని గుత్తెదారు కొడుకు చాలా ఏళ్ళు చెప్పుకుని తిరిగాడు. చాచా మాత్రం తన బండికి మరమ్మతులు చేసుకుంటూ ఇంకా నాలుగు వేసవులు పందేల్లో దాన్ని తోలాడు, పందెం రోజు పొద్దున్నే ఉత్తకాళ్ళతో నడుస్తూనే ఉన్నాడు.

అనుమానం నన్ను ఇప్పటికీ వదల్లేదు. పాలలో వేలు ముంచడం మానలేదు. కానీ ఎవరి మీదైనా ఒక మాట నాలుక మీదికి వస్తే ఆ విరిగిన చేయి గుర్తొచ్చి ఆగిపోతాను. పొద్దున నేను చెప్పిన అబద్ధాన్ని ఆ అబ్బాయి వెంటనే నమ్మాడు. మధ్యాహ్నం నిజం చెబితే నమ్మలేదు.