ఎండ చూసుకుని గండికోటకు

ముప్పై ఏండ్లుగా కోడుమూరులో బట్టలు కుడుతున్నాను. ఇన్నేండ్లలో నేను చేసిన పెద్ద ప్రయాణం హైదరాబాదుకు, అది కూడా కుట్టు మిషను మోటారు కోసం. అట్లాంటి నన్ను గండికోటకు తరిమింది ఒక ప్యాంటు. నడుము వదులు చేయించుకోవడానికి వచ్చిన ఇంజనీరు పిల్లోడొకడు ఫోను తీసి ఫోటో చూపించినాడు. ఎర్రటి బండల అంచున చేతులు చాపి నిలబడినాడు, కింద పెన్న పచ్చగా పారుతోంది. "మస్తానన్నా, ఇంత దగ్గర ఉండి నువ్వు చూడలేదా? బెంగుళూరోళ్ళంతా చూసిపోయినారే" అన్నాడు. వాని నడుము రెండు అంగుళాలు వదిలినాను గానీ ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

పోతూ పోతూ ఒక షరతు కూడా పెట్టిపోయినాడు. ఎండ బాగా కాసే రోజే పోవాలంట. మబ్బు పడితే బండలకు ఆ రంగే ఉండదంట, పోయిన దారి ఖర్చు దండగంట. అందుకని నేను తారీఖు ఎతకడం మొదలుపెట్టినాను. ఎండ కోసం తారీఖు చూసుకున్న మనిషి కోడుమూరు మొత్తానికి నేనొక్కడినే అయి ఉంటాను. మా ఊర్లో ఎండ కావాలంటే ఇంట్లోంచి బయటికొస్తే చాలు.

కొలతల పుస్తకంలో ఒక పేజీ ఖాళీ చేసుకుని ప్లాను రాసినాను. నాలుగు యాభైకి కర్నూలు బస్సు, ఆరున్నరకు ప్రొద్దుటూరు బస్సు, జమ్మలమడుగులో దిగి ఆటో, కోటలో నాలుగు గంటల నడక, రాత్రి జమ్మలమడుగు లాడ్జి, మరుసటి పొద్దున వాపసు. ఫోన్లో చూస్తే బుధవారం గుండ్రటి సూర్యుడి బొమ్మ కనబడింది. అయినా ఫోను మాట ఎంతవరకు నమ్మేది, వాన సంగతి తెలిసిన మనిషినే అడుగుదామని రంగన్న దగ్గరికి పోయినాను. అదే నేను చేసిన మొదటి తప్పు.

రంగన్నది మా ఊరి పక్క పల్లె. నాకంటే ఆరేండ్లు పెద్ద, చిన్నప్పటి నుంచి స్నేహం. ఐదెకరాల్లో బుడ్డలు, అంటే వేరుశెనగ వేసినాడు. బోరు లేదు, వానే దిక్కు. మొక్క పూత పూసి ఊడలు దించే టైముకు వాన మొహం చాటేసింది. ఇరవై రెండు దినాలయింది. భూమి గట్టిపడితే ఊడలు లోపలికి దిగవు, దిగకపోతే కాయ పట్టదు. ఆ వారంలో నేల నానేంత ఒక్క పదును వాన పడకపోతే చేను గొర్రెలకు వదిలేయడమే. అట్లాంటి మనిషిని పట్టుకుని, "రంగన్నా, బుధవారం వాన రాదు కదా?" అని అడిగినాను. ఆయన నా మొహం దిక్కు చూసిన చూపు పగోనికి కూడా వద్దు. నాలుక కరుచుకున్నాను.

ఆయన భార్య చెన్నమ్మ మాత్రం ఏమీ అనుకోలేదు. పొద్దున లేస్తే గట్టు మీద కూర్చుని మోడం దిక్కు, అంటే మబ్బుల దిక్కు చూడటమే పనైపోయిందనీ, సంగటి ముద్ద కూడా సగంలో వదిలేసి లేస్తున్నాడనీ చెప్పింది. "రెండు దినాలు నీతో పిల్చుకపోన్నా. ఈయప్ప చూస్తాంటే మోడం గూడ సిగ్గుపడి రాకుండా పోతాందేమో" అంది. పోనీలే పాపం అని ఒప్పుకున్నాను.

బుధవారం పొద్దున ప్లాను ప్రకారం నాలుగు యాభైకి బస్సెక్కినాము. కర్నూల్లో ఆరుకు దిగి, బస్టాండు బయట బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాము. రంగన్న సగం ప్లేటు తిని సిమెంటు రంగులో ఉన్న ఆకాశాన్ని చూస్తా నిలబడినాడు. ఆరున్నర బస్సు ఆరూ నలభైకి కదిలింది. కిటికీ పక్క సీటు ఆయనకే ఇచ్చినాను.

ఓర్వకల్లు దాటినాక నా సంచిలోంచి గొడుగు పిడి బయటికొచ్చింది. మా దిక్కు ఈ సంగతి అందరికీ తెలిసిందే, గొడుగు చేత పట్టుకుని బయల్దేరితే వాన రాదు. ఇంట్లో మర్చిపోయి పోతే తడిపి ముద్ద చేస్తుంది. ఆ లెక్క ప్రకారమే, ఎందుకైనా మంచిదని, ఇంట్లో ఉన్న పెద్ద నల్ల గొడుగు పట్టుకొచ్చినాను. రంగన్న దాన్ని చూసినాడు. ఎండకా, వానకా అని అడిగినాడు. ఎండకే అన్నాను. ఆయన కిటికీ దిక్కు తిరిగినాడు. నాకు మాత్రం దొంగతనం చేస్తూ దొరికినట్టయింది. నేను వాన రాకుండా కాపు కాస్తున్నానని ఆయనకు తెలిసిపోయింది, తెలిసిందని నాకూ తెలుసు.

ఎనిమిదిన్నరకు బనగానపల్లెలో బస్సు పది నిమిషాలు ఆగింది. నేను టీ తాగి వచ్చేసరికి గొడుగు లేదు. అడిగితే రంగన్న తాపీగా, పక్క సీట్లో ఉన్న ముసలామె దిగిపోయిందనీ, ఆమె పోవాల్సిన పల్లె మూడు మైళ్ళనీ, ఎండలో నడిచిపోతా ఉంటే చూడలేక ఇచ్చేసినాననీ చెప్పినాడు. అది మా మామ ఇచ్చిన గొడుగు. అరుద్దామనుకున్నాను. కానీ ఇరవై రెండు దినాల్లో ఆయన మొహం మీద మొదటిసారి కనబడిన ఆ కొంటె నవ్వు చూసి నోరు రాలేదు. కోవెలకుంట్ల దాటేలోపల చెన్నమ్మ కట్టిచ్చిన జొన్న రొట్టెలు, బుడ్డల పొడి విప్పి రెండు రొట్టెలు తిన్నాడు.

పదీ ముప్పావుకు జమ్మలమడుగు. అక్కడి నుంచి కోటకు పదైదు కిలోమీటర్లు. పోనూ రానూ నాలుగు వందలకు ఆటో మాట్లాడుకున్నాము. ఎండ చురుక్కుమంటోంది, నా ప్లాను దర్జీ కొలత ప్రకారం నడుస్తోంది. పదకొండున్నరకు కోట వాకిలి దాటినాము. మసీదు, దాని పక్కన ధాన్యాగారం, వాటిని దాటి రాళ్ళ మీద అడుగు చూసుకుంటా ఎక్కితే లోయ అంచు వస్తుంది. పోవాలనుకునేవాళ్ళు చెప్పుల్తో పోవద్దు, షూ వేసుకోండి. నీళ్ళు మనిషికి రెండు లీటర్లు పెట్టుకోండి.

అంచుకు చేరి కిందికి తొంగి చూసినాను. బట్టల అంగట్లో తాన్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండలు, ఎర్రవి, గోధుమ రంగువి, అంచులు కత్తిరించినంత నేరుగా. ఎంత కిందికి చూసినా బండే, ఆ అడుగున పెన్న. ఫోటోలో చూసింది దీంట్లో పావలా వంతు కూడా కాదు. రంగన్న కూడా చూసినాడు. చూసి, ఇన్ని రాళ్ళ మధ్య ఒక గుప్పెడు మట్టి లేదే అన్నాడు.

పన్నెండు దాటినాక తూర్పు దిక్కున మబ్బు లేచింది. ఇంతలో అంతయింది. ఎండ పోయింది, బండల రంగు పోయింది. ఇంజనీరు పిల్లోడు చెప్పింది నిజమే, దారి ఖర్చు దండగే. పన్నెండూ నలభైకి చినుకు మొదలైంది, ఐదు నిమిషాల్లో కుండపోత. బెంగుళూరు నుంచి వచ్చిన జంట ఒకటి మా పక్కనే ఫోను పట్టుకుని వీడియో తీసుకుంటోంది. "మాది లక్కు అంకుల్, ఎండలో చావకుండా వాన దొరికింది" అనింది ఆ అమ్మాయి. నేను ఒక బండ చూరు కిందికి దూరినాను. రంగన్న కదల్లేదు. తలమీద తువ్వాలు తీసి చేత పట్టుకుని వానలోనే నిలబడినాడు. నీళ్ళు బండల మీద పడి, ఎక్కడా ఇంకకుండా, అంచు మీద నుంచి లోయలోకి దూకుతున్నాయి.

"ఈడ ఎవురు ఇత్తనం ఏసినారని పోస్తాండావు సామీ?" అన్నాడు. ఎవరినో నిష్ఠూరమాడినట్టు, మెల్లగా.

తరువాత నా పక్కకొచ్చి చెన్నమ్మకు ఫోను చేసినాడు. వాన చప్పుడుకు వినబడక స్పీకరు పెట్టినాడు. అక్కడేమన్నా పడుతోందా అని అడిగినాడు. "ఈడ ఎండకు గోడలు పేలతాండాయి, యాడిది వాన?" అని చెన్నమ్మ గొంతు. ఆయన చేయి చాపి ఫోనును బండ బయటికి, వాన దిక్కు పట్టుకున్నాడు. కాసేపటికి ఆమె, "విన్యాలే. ఇంగ చాలు, ఫోను తడుస్తాది" అనింది.

నేను కోరుకున్న ఎండ అడ్రసు తప్పి కోడుమూరుకు పోయింది, ఆయన కోరుకున్న వాన అడ్రసు తప్పి నా మీద పడింది. నవ్వొచ్చే సంగతే, ఇంకెవరికైనా జరిగి ఉంటే.

"తప్పు జేసినా మస్తానూ. ఆ గొడుగు బనగానపల్లెలో కాదు, మనూర్లో ఇడిసిపెట్టాల్సింది, వాన ఆడ పడుండేది" అన్నాడు రంగన్న. ఆట పట్టిస్తున్నాడేమోనని మొహం చూసినాను. లేదు, నిజంగానే అనుకుంటున్నాడు.

రెండూ పదికి వాన ఆగింది. ఆటో అతను కోట వాకిలి దగ్గరే కాచుకుని ఉన్నాడు, నాలుగుకు జమ్మలమడుగు చేరినాము. లాడ్జిలో రెండు మంచాల గది ఆరు వందలు, వేడి నీళ్ళు అడిగితే ఇస్తారు, దోమలు అడక్కుండానే వస్తాయి. సాయంత్రం నేను ఇంటికి ఫోను చేయబోతే రంగన్న ఆపినాడు. రాత్రికి మనూరి దిక్కు కూడా వాన జరగొచ్చు, ఫోన్లో వినేది వద్దు, పొద్దున కండ్లతో చూస్తా అన్నాడు. నేనూ ఫోను జేబులో పెట్టుకున్నాను. ఆ రాత్రి నేను ప్లాను చేసుకున్నదంతా పక్కకు పోయి, కోడుమూరులో ఒక్క వాన పడాలని మాత్రం గట్టిగా అనుకుంటా పడుకున్నాను.

పొద్దున ఆరున్నర బస్సు. రంగన్న కిటికీకి మొహం ఆనించి నేల చూస్తా కూర్చున్నాడు. జమ్మలమడుగు చుట్టూ నల్లరేగడి మడులు తడిసి నిగనిగలాడుతున్నాయి. కోవెలకుంట్లలో రోడ్డు పక్క నీళ్ళు నిలిచినాయి. "ఈడ గూడ పడింది, మంచి పదును" అన్నాడు. బనగానపల్లెలో గుంతల్లో నీళ్ళు చూపించి, మబ్బు మన దిక్కే జరిగినట్టుండాది అన్నాడు. పాణ్యం దగ్గర నేల పైపైన మాత్రమే చెమ్మగా ఉంది. ఆయన మాటలు తగ్గినాయి. ఓర్వకల్లు రాళ్ళ దగ్గరకొచ్చేసరికి ముందు పోతున్న లారీ వెనక దుమ్ము లేచింది.

ఆ దుమ్మును ఆయన కర్నూలు దాకా చూస్తా వచ్చినాడు. కర్నూల్లో కోడుమూరు బస్సెక్కినాక, "నువ్వు కూచ్చో మస్తానూ, కిటికీ కాడ" అని నన్ను లోపలికి జరిపి తాను ఇటుపక్క కూర్చున్నాడు. ముప్పై ఐదు కిలోమీటర్లు నేను బయటికి చూడలేదు. చూస్తే ఆయనకు చెప్పాల్సి వస్తుందని.

పన్నెండున్నరకు కోడుమూరులో దిగినాము. బస్టాండు ముందర టీ అంగడి బెంచీల మీద రైతులు కూర్చుని ఉన్నారు. చేతిలో పని లేదు, ఎండ నడినెత్తిన ఉంది. రంగన్న తువ్వాలు ఇంకా ఆరక ముడతలు పడి ఉండటం ఒకాయన చూసినాడు. యాడ తడిసినావని అడిగినాడు. గండికోట దిక్కు వాన అన్నాడు రంగన్న. ఆ మాటకు అందరూ జరిగి ఆయనకు చోటిచ్చినారు.

లోయ గురించి ఎవరూ అడగలేదు. ఎన్ని గంటలకు పట్టుకుంది, గాలి ముందొచ్చిందా, చినుకు ఎంత లావు, మడుల్లో నీళ్ళు నిలిచినాయా, వాసన వచ్చిందా, అవే అడిగినారు. రంగన్న బొటనవేలు పైకెత్తి చినుకు ఎంత ఉందో చూపించినాడు. గంటన్నర సేపు తెరిపి ఇవ్వలేదన్నాడు. జమ్మలమడుగు నుంచి పాణ్యం దాకా తడిసిన మడులన్నీ ఒక్కొక్కటి చెప్పినాడు. మరి మన దిక్కు, అని ఎవరూ అడగలేదు. అందరూ అక్కడే కూర్చున్నవాళ్ళే కదా.

నా అంగడి తెరవాల్సిన టైము దాటిపోయింది. అయినా నేనూ బెంచీ చివర కూర్చున్నాను. ఆయన చెప్పడం అయిపోయినాక, మూలన ఉన్న ముసలాయన, చెవులు సరిగ్గా వినబడని ఆయన, ముందుకు వంగినాడు.

"మొదటి నుంచి ఇంగొకసారి చెప్పు రంగన్నా" అన్నాడు.